జూన్ ఒకటిన పుట్టిన నలభై మంది

మా హాస్టల్‌లో కొత్తగా వార్డెన్‌గా చేరిన అమ్మాయి పోయిన నెల నన్ను వెతుక్కుంటూ కల్లూరులో మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగి, నోట్‌బుక్ తెరిచి, "సువార్తమ్మక్కా, ఈ ఉద్యోగంలో ముందుగా నేర్చుకోవాల్సింది ఏంది?" అని అడిగింది.

"పేలు చూడటం" అన్నాను.

ఆ పిల్ల పెన్ను పట్టుకుని అట్లాగే నా మొహంలోకి చూసింది. పాపం, పెద్ద చదువు చదివి వచ్చింది. ఆ చదువులో పేల గురించి ఎక్కడా చెప్పలేదట.

ఆమె పోయాక కూర్చుని ఆలోచించాను. డోన్ ఊరి బయట అనాథ పిల్లల హాస్టల్‌లో ఇరవై ఎనిమిదేళ్లు వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు జీతం పెరిగింది, ఏ ఫైలు ఏ బీరువాలో ఉంది, ఇవేవీ ఆ పిల్లలాగా ఈ పనిలో కొత్తగా చేరే మీకు పనికిరావు. పనికొచ్చేది నేను చేసిన ఒక పెద్ద తప్పు. అది చెప్పే ముందు మా పని ఎట్లా ఉండేదో చెప్పాలి. లేకపోతే మీరు నన్ను మరీ చెడ్డదాన్ని అనుకుంటారు.

పేలు, పరుపులు, పేర్లు

పొద్దున ఐదుకు గంట కొడతాం. ఐదున్నరకు ప్రార్థన. నలభై మంది కళ్లు మూసుకుంటారు. అందులో భక్తితో మూసుకునేవాళ్లు ఐదారుగురు, మిగిలినవాళ్లు నిద్ర పూర్తి చేసుకునేవాళ్లు. దేవుడికి ఆ తేడా తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఏమీ అనేవాళ్లం కాదు. తర్వాత తడిసిన పరుపులు ఎండలో వేయడం. ఎవరి పరుపు తడిసిందో గట్టిగా అడగొద్దు, అది మొదటి నియమం. తర్వాత ఒక్కో బకెట్టు నీళ్లతో స్నానాలు, తల దువ్వడం, రాగి సంగటి, చెనక్కాయలు నూరి చేసే ఊరుబిండి పచ్చడి, బడి. సాయంత్రం వచ్చాక మోకాలి చిప్పల మీద దెబ్బలకు మందు రాయడం. రాత్రి దోమతెరలు. మధ్యలో నలభై తగాదాలు.

మా పైఅధికారి అంటే పాస్టరుగారే. మా వాళ్లు పాస్టరుగారిని అయ్యగారు అంటారు. మంచి మనిషి. పిల్లలు తినకుండా ఆయన ఎప్పుడూ తినలేదు. ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్తగా పిల్లలు వస్తే, "కొత్త బతుక్కి కొత్త పేరు" అని బైబిలు పేరు పెట్టేవారు. ఆ పేరు కూడా దారిలో జీపులోనే పెట్టేసేవారు కాబట్టి గేటు దాటే సరికి పాత పేరు మాకు తెలిసేది కాదు. రిజిస్టరులో కొత్త పేరే ఎక్కేది.

మంచి పేర్లన్నీ మొదటి ఏళ్లలోనే అయిపోయాయి. దావీదులు ముగ్గురు, ఎస్తేరులు నలుగురు అయ్యాక ఆయన బైబిలులో ఇంకా లోపలికి పోవాల్సి వచ్చింది. అట్లా మాకొక హబక్కూకు వచ్చాడు. తొమ్మిది వందల అరవై తొమ్మిదేళ్లు బతికిన ముసలాయన పేరు మూడేళ్ల పిల్లోడికి పెట్టి, మెతూషెల అని పిలిచాం. వాడికి సరిగ్గా నడవడం కూడా రాక పడిపోతుంటే, "మెతూషెలా, జాగ్రత్తప్పా" అనేది మా వంటామె సుంకమ్మ.

నేను కూడా నవ్వేదాన్ని. ఆ పద్ధతి తప్పేమోనన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

సూట్‌కేసులతో వచ్చేవాళ్లు

విదేశాల చర్చి సంఘాల నుంచి మాకు సేవ చేయడానికి యువతీ యువకులు వచ్చేవాళ్లు. మూడు నెలలు, ఆరు నెలలు ఉండేవాళ్లు. ఒకామె ఏప్రిల్ నెలలో, డోన్ ఎండలో, రెండు సూట్‌కేసుల నిండా ఉన్ని స్వెటర్లు తెచ్చింది. ఒకాయన వచ్చిన రోజు నుంచి పిల్లల్ని చూసి ఏడుస్తూనే ఉన్నాడు. చివరికి పిల్లలే ఆయన్ని ఓదార్చడానికి వంతులు వేసుకున్నారు.

వీళ్లతో ఎట్లా ఉండాలో మీకు నేర్పుతారు, మర్యాదలు, ఫొటోలు, అవీ ఇవీ. నేను చెప్పేది ఒక్కటే. వచ్చిన మనిషికి మొదటి రోజే దువ్వెన చేతికివ్వండి. పేలు చూడగలిగినవాళ్లు ఉంటారు, చూడలేనివాళ్లు వారంలో ఫొటోలు తీసుకుని పోతారు.

క్లారా దువ్వెన తీసుకుంది. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల పిల్ల, టీచరు చదువు మధ్యలో ఆపి, వాళ్ల సంఘం పంపితే ఏడాదికి వచ్చింది. వారం తిరక్కుండానే తన తలలోకీ పేలు ఎక్కించుకుంది. ఎస్తేరులు నలుగురూ ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, పసుపుపచ్చటి జుట్టులో పేను బాగా కనబడుతుందని ఎగబడి చూసేవాళ్లు. సంగటి ముద్దను మొదట స్పూనుతో కోసింది. సుంకమ్మ ఆ స్పూను తీసేసుకుని దాచిపెట్టింది. నెల తర్వాత క్లారా చేత్తో ముద్ద తుంచి, ఊరుబిండిలో అద్ది, నమలకుండా మింగుతుంటే మేమందరం చప్పట్లు కొట్టాం.

తెలుగు మాట్లాడటం పిల్లల దగ్గరే నేర్చుకుంది, పుస్తకంలో కాదు. అందువల్ల వచ్చిన ప్రమాదం ఒకటుంది. ఒకసారి మా సంఘాలన్నిటికీ పెద్దాయన, బిషప్పుగారు, తెల్ల అంగీ వేసుకుని, హాస్టల్ చూడటానికి వచ్చారు. ఆయన ముందు మేమంతా తల వంచుకుని నిలబడ్డాం. క్లారా చేతులు కడుక్కుని ఎదురొచ్చి, ఎంతో ప్రేమగా, "ఏమప్పా, యాడికి పోతాండావు? సంగటి తినిపో" అంది.

అయ్యగారి మొహంలో రక్తం లేదు. పెద్దాయన మాత్రం, "ఊరుబిండి ఉండాదామ్మా?" అని అడిగారు. ఆయనది పత్తికొండ వైపని మాకు ఆ రోజే తెలిసింది.

పుట్టినరోజుల డబ్బా

మా సంఘాల్లో ఒక అలవాటుంది. ఆ వారంలో పుట్టినరోజున్నవాళ్లు ఆదివారం ఆరాధనలో ముందుకొచ్చి నిలబడతారు. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, సంఘమంతా పాట పాడుతుంది. ఆ ఏడు జూన్ మొదటి ఆదివారం, "ఈ వారం పుట్టినరోజున్న పిల్లలు ముందుకు రండి" అని అయ్యగారు పిలిచారు. మా హాస్టల్ మొత్తం లేచి నిలబడింది. నలభై మందీ బిలబిలమంటూ ముందుకు పోయారు. అన్ని తలల మీద చేతులు పెట్టడం ఎవరివల్ల అవుతుంది? అయ్యగారు రెండు చేతులూ గాల్లోకి చాపి అందరికీ ఒకేసారి ప్రార్థన చేశారు.

క్లారా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా, అందరూ ఒకే దినం పుట్టినారా?"

"పుట్టింది కాదమ్మా, బడిలో చేర్చిన దినం. తేదీ తెలియని పిల్లలకు హెడ్మాస్టరు జూన్ ఒకటి రాసేస్తాడు."

"నీది?"

"నాది జులై ఒకటి. మా హెడ్మాస్టరు వేరే."

ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మరుసటి రోజు చెప్పుల డబ్బా ఒకటి తెచ్చి, రంగు కాగితం అతికించి, ఒక్కో పిల్లకూ ఒక్కో చీటీ ఇచ్చింది. పేరు రాసి, తమకు కావలసిన పుట్టినరోజు రాసి డబ్బాలో వేయాలి. ఏడాది పొడుగునా ఎవరి రోజు వాళ్లకు పాట, పాయసం. నాకు నచ్చింది. సుంకమ్మకు మాత్రం నలభై పాయసాలు నచ్చలేదు.

ఆ సాయంత్రం నేనూ క్లారా కూర్చుని చీటీలు విప్పాం. హబక్కూకు ఆగస్టు పదిహేను రాశాడు, ఆ రోజు బడిలో చాక్లెట్లు ఎట్లాగూ ఇస్తారు కాబట్టి రెండు వైపులా గిట్టుబాటు. ఒకామె "గుడ్డు కూర చేసిన దినం" అని రాసింది. ఒకడు ఫిబ్రవరి ముప్పై రాశాడు. మెతూషెలకు రాయడం రాదు, కాబట్టి ఎస్తేరు అడిగి రాసింది. వాడికి పుట్టినరోజు రోజూ కావాలట. ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం.

తర్వాతి చీటీ విప్పాను. గుండ్రటి, నీటైన అక్షరాలు. రూతువని చూడగానే తెలిసింది. తొమ్మిదేళ్ల పిల్ల, చేతిరాతలో హాస్టల్‌కే మొదటిది. పేరు దగ్గర "పీరమ్మ" అని రాసి ఉంది. పుట్టినరోజు దగ్గర "మా అవ్వకు తెలుసు" అని రాసి ఉంది.

నా నవ్వు ఆగిపోయింది.

మజ్జిగ ఇచ్చి పంపిన మనిషి

దానికి ఐదేళ్ల ముందు ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గరికి ఒక ముసలామె వచ్చింది. పెద్ద పిల్లలు బడికి పోయారు, చిన్నవాళ్లు వెనక హాల్లో నిద్రపోతున్నారు.

"అమ్మా, మా పీరమ్మ ఈడ ఉండాదా? అమ్మా నాయన లేని నాలుగేండ్ల బిడ్డ. నేను పెద్దాసుపత్రిలో పడుంటే, ఎవురో పిల్లకాయల హాస్టల్‌లో ఏస్తామని తోలకపోయిరంట."

నేను రిజిస్టరు తెచ్చి మరీ చూశాను. వేలు పెట్టి ఒక్కో పేరూ చదివి వినిపించాను. "పీరమ్మ అనే పిల్ల ఈడ లేదవ్వా" అన్నాను. చదువు రాని మనిషి, రిజిస్టరు చూపిస్తే నమ్మక ఏం చేస్తుంది? ఆమె మొహం చూసి జాలేసి మజ్జిగ ఇచ్చాను. పిల్ల దొరకాలని ఆమె చేతులు పట్టుకుని ప్రార్థన కూడా చేశాను. కళ్లనీళ్లతో చేశాను. మంచి పని చేశానని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. రూతు వచ్చి అప్పటికి రెండు నెలలు. ఆ ప్రార్థన జరుగుతున్నప్పుడు వెనక హాల్లో నిద్రపోతూ ఉంది.

నాకు అనుమానం రాలేదా అని మీరడగొచ్చు. ఒక్క క్షణం వచ్చింది. రూతు పేరు ఎదురుగా "ఎవరూ లేరు" అని రాసి ఉండటం చూసి పోయింది. కాగితం మీద రాసింది నమ్మాను, గేటు దగ్గర నిలబడ్డ మనిషిని నమ్మలేదు.

ఇదంతా క్లారాకు చెప్పాను. నన్ను ఓదారుస్తుందేమోనని ఎక్కడో ఆశ. ఆమె ఓదార్చలేదు. "అక్కా, ఆ అవ్వ ఇంకా బతికి ఉండాదేమో. రేపే పోదాం పా" అంది.

రూతును పిలిచి మెల్లగా అడిగాం. ఆలూరు దగ్గర ఊరి పేరు చెప్పింది, అవ్వ పేరు హనుమక్క అని చెప్పింది. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదే అంటే, "మీరు అడగలేదు గదా అక్కా" అంది. తర్వాత, "మా అవ్వ ఉంటే నేను పోతానా?" అని అడిగింది. ఏమీ తేలకుండా మాట ఇవ్వకూడదని మనకు తెలుసు. "తెలీదమ్మా" అన్నాను. ఆ రాత్రి ఆ పిల్ల తన బట్టలన్నీ మడిచి తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది.

అయ్యగారి దగ్గరికి పోయి చెప్పాను.

"ఐదేండ్లయింది సువార్తమ్మా. ఈడ చదువుండాది, మంచం ఉండాది. ఆ ముసలామె ఏం పెడతాది?"

"సంగటి పెడతాది అయ్యగారూ. మనమూ అదే పెడతాండాం."

ఆయనకు నవ్వొచ్చింది, వెంటనే పోయింది. "పేరు మార్చింది నేనే గదమ్మా" అన్నారు. "బైబిలులోంచి కొత్త పేరు ఇస్తే సాలనుకుంటి. పాత పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉంటారనుకోలేదు." తన తప్పు తానే ఒప్పుకున్న పైఅధికారిని నేను ఆయన్ని ఒక్కరినే చూశాను. అందుకే ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు.

హనుమక్క

పిల్లను వెంట తీసుకుపోలేదు. ఇది గుర్తుంచుకోండి. ముందు మీరు పోయి చూడాలి. అక్కడ మనిషి లేకపోతే ఆ సంగతి పిల్ల ఖాళీ ఇంటి ముందు నిలబడి తెలుసుకోకూడదు.

నేనూ క్లారా డోన్‌లో బస్సెక్కి, పత్తికొండలో మారి, ఆలూరులో దిగి, అక్కడి నుంచి ఆటోలో పోయాం. దారంతా విత్తనాల పనులు. క్లారా పక్కన కూర్చున్న ప్రతి మనిషితోనూ మాట్లాడింది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆ అవ్వ బతికి ఉండాలని ఒకసారి, ఉండి నన్ను గుర్తుపట్టకూడదని ఒకసారి ప్రార్థన చేసుకున్నాను. రెండో ప్రార్థన సిగ్గులేనిదని నాకు తెలుసు.

హనుమక్క ఇంటి ముందు చాట పెట్టుకుని, విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. తల ఎత్తి చూసింది.

"ఎవురమ్మా ఈ తెల్లపాప? ఓట్లకొచ్చినారా?"

"లేదవ్వా. బాగుండావా?" అంది క్లారా.

"అబ్బా, మన మాట మాట్లాడతాందే!" అని అవ్వ ఆశ్చర్యపోయి, నా వైపు తిరిగింది. కళ్లు చిన్నవి చేసి చూసింది. "నువ్వు ఆ పొద్దు నాకు మజ్జిగిచ్చిన తల్లివి గదా! రామ్మా, కూసో. ఎండనబడి వచ్చినారు."

తిట్టి ఉంటే బాగుండేది. మజ్జిగ గుర్తుపెట్టుకుంది. కూర్చోకుండానే చెప్పేశాను. "అవ్వా, పీరమ్మ మా తాననే ఉండాది. నువ్వొచ్చిన పొద్దు గూడా ఆడే ఉండె. మేము పేరు మార్చినాం. నేను తెలుసుకోలేకపోతి."

అవ్వ చేతిలో చెనక్కాయ అట్లాగే ఉండిపోయింది. తర్వాత లేచింది, చాటలోని గింజలు జాగ్రత్తగా పక్కన పరిచిన గుడ్డ మీద పోసింది, ఖాళీ చాటతో నా భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది. చాటతో దెబ్బ తినడం మా వైపు ఎంత అవమానమో మీకు తెలుసు. నాకు మాత్రం ఆ దెబ్బ పడ్డాకే ఊపిరాడింది.

"ఇంకోటి ఏద్దును గానీ, బస్సు పోతాది" అంది అవ్వ. "పాండి."

తలుపుకు గొళ్లెం పెట్టింది, అంతే. తాళం కూడా వేయలేదు. గింజలు గుడ్డ మీదే ఉన్నాయి.

బస్సులో క్లారా అడగాల్సింది అడిగింది. "అవ్వా, పీరమ్మ ఎప్పుడు పుట్టింది?"

"పేరులోనే ఉండాది గదమ్మా! పీర్ల పండగ నాడు. నిప్పుల గుండం కాడ ఊరంతా ఎగరతాండారు, ఈడ నా కూతురు నొప్పులు పడతాండాది. ఆ స్వామి పేరే పెట్టుకుంటిమి."

మా జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. పీర్ల పండగనాడు పుట్టిన హిందువుల పిల్లకు పీరమ్మ అని పెట్టుకుంటారు. ఆ పేరొక్కటి ఉంచి ఉంటే పుట్టినరోజు కోసం చెప్పుల డబ్బా అవసరమయ్యేది కాదు. క్లారా ఫోన్ తీసి లెక్క చూసుకుంది. పీర్ల పండగ, అంటే మొహర్రం, ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. అంటే ఈ పిల్లకు ఏడాదికో తేదీ. "శానా బాగుండాది ఇది" అని క్లారా మురిసిపోయింది.

సాయంత్రం హాస్టల్ చేరేసరికి పిల్లలు వసారాలో చదువుకుంటున్నారు. "పీరా" అంది అవ్వ, గట్టిగా కూడా అనలేదు. రూతు పుస్తకం మూసి లేచి వచ్చింది. పరుగెత్తలేదు. దగ్గరికి వచ్చి అవ్వ చెవి పట్టుకుని చూసింది.

"నీ కమ్మలు యాడ?"

"అమ్మితి."

"ఏంటికి?"

"బస్సులకు. నిన్ను ఎతికేదానికి."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. ఐదేళ్లలో నేను ఆమె ఏడుపు విననే లేదని అప్పుడు గుర్తొచ్చింది. బుద్ధిమంతురాలని మెచ్చుకునేదాన్ని.

ఇంటికి పోయిన పిల్ల

పిల్లను పంపాలంటే పిల్లల సంక్షేమ కమిటీ అనుమతి కావాలి. ఆ కాగితాల కథ చెప్పనని ముందే అన్నాను. అది వచ్చేదాకా అన్ని వారాలూ అవ్వ పిల్లను వదిలి కదలనంది, మా వంటింట్లోనే మకాం పెట్టింది. సుంకమ్మ చేసిన సంగటిని ముట్టుకుని, "ఇది గోడకు పూసేదానికా?" అని అడిగింది. ఇద్దరికీ మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు నుంచి సంగటి మాత్రం మెరుగైంది. హాజరు పిలిచేటప్పుడు నేను పీరమ్మ అని పిలవడం నేర్చుకున్నాను. మొదట నాలుక తిరిగేది కాదు.

పోయే రోజు అందరం గేటు బయట రోడ్డు మీద నిలబడ్డాం. అయ్యగారు మొదలుపెట్టిన ప్రార్థనను ఆమేన్ దాకా తేలేకపోయారు. క్లారా వెక్కి వెక్కి ఏడుస్తూ చెయ్యి ఊపింది. పీరమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఆ పిల్ల అవ్వ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని ఏదో చెబుతూనే ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు.

నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఐదేళ్లు తల దువ్వాను, జ్వరమొస్తే పక్కన పడుకున్నాను. ఆ కోపం సాయంత్రం దాకా ఉంది. ఇంటికి పోతున్న పిల్ల వెనక్కి ఎందుకు చూస్తుంది అని సుంకమ్మ అన్నాక తగ్గింది. పిల్లలు మనల్ని తలుచుకునేలా చేయడం మన పని కాదు. ఇది నాకు ఇరవై మూడేళ్ల సర్వీసు తర్వాత తెలిసింది. మీకు మొదటి రోజే తెలిస్తే మంచిది.

మరుసటి పొద్దున ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చుని దువ్వెన పట్టుకున్నాను. చిన్న ఎస్తేరు వచ్చి నా ముందు కూర్చుంది. సగం తల చూశాక, మెడ వెనక్కి తిప్పి నెమ్మదిగా అడిగింది.

"అక్కా, నా పేరు గూడా అడుగుతావా?"

దువ్వెన పక్కన పెట్టి, ఆ పిల్లను నా వైపు తిప్పుకుని అడిగాను. ఆమె చెబుతుంటే వెనకాల ఇంకో ఆరుగురు వరసగా వచ్చి నిలబడ్డారు.